వదులుకున్నవాళ్లూ అరువు తెచ్చుకున్నవాళ్లూ

వానలు వెనకపట్టాక చీపురుపల్లి నుంచి రాజాం వైపు బస్సెక్కితే ముందు కంపు వస్తుంది, తర్వాత చెరువు కనబడుతుంది. కొత్తవాళ్లు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. ఈ పక్కవాళ్లు "గోగు ఊరేసినారు" అని ఒక్క మాట అనేసి మళ్లీ కబుర్లలో పడతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్టరైతుకి గోగు తాతల నాటి పంట. నెల్లిమర్ల జ్యూటు మిల్లు లాంటివి ఈ నారని చూసుకునే పెరిగాయి. ఇప్పుడు సాగు బాగా తగ్గిపోయింది. ఆ భూముల్లోకి మొక్కజొన్న వచ్చి కూర్చుంది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మాత్రం గోగు మీద పని ఇంకా నడుస్తోంది.

గోగు ఊరేయడం చూడ్డానికి సులువుగానే ఉంటుంది. కోసిన కర్రల్ని ఆకు రాలేదాకా చేలో ఉంచి, కట్టలు కట్టి, చెరువులో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైకి తేలకుండా బరువులు పెడతారు. రెండు మూడు వారాలు పడుతుంది. వారం దాటిన దగ్గర్నుంచి రైతు రోజూ మోకాటిలోతు నీళ్లలోకి దిగి, ఒక కర్ర బయటికి లాగి, మొదలు దగ్గర బెరడుని బొటనవేలితో నొక్కి పక్కకి జరుపుతాడు. పుల్ల మీద నుంచి జారిపోతే పని అయినట్టు. అంటుకునే ఉంటే ఇంకా ఊరాలి. జారడమే కాక వేళ్ల మధ్య తెగిపోతోందంటే ఆలస్యమైపోయింది. నారకి బలం పోయింది, కొనేవాడు ధర కోసేస్తాడు. పచ్చికీ కుళ్లుకీ మధ్య తేడా కొద్దిరోజులే.

నారనీ పుల్లనీ పట్టి ఉంచే జిగురు పేరు పెక్టిన్. దాన్ని తినేది బ్యాక్టీరియా. మొదట గాలి కావాల్సిన రకాలు, ముఖ్యంగా బాసిల్లస్ జాతులు దిగుతాయి. అవి తింటూ తింటూ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ వాడేస్తాయి. చివరికి తాము చేసిన పనివల్లే తమకి ఊపిరాడని పరిస్థితి తెచ్చుకుంటాయి. అప్పటిదాకా గట్టి పెంకులో ముడుచుకుని బురదలో పడి ఉన్న క్లోస్ట్రిడియం జాతులు అప్పుడు మేలుకుంటాయి. వాటికి ఆక్సిజన్ గిట్టదు. బస్సులో మన ముక్కు పట్టుకునే కంపులో పెద్ద వాటా వీటిదే. ఇవి వదిలే బ్యూటిరిక్ ఆమ్లం మాగిన వెన్న వాసనకి పెద్దన్న.

చెరువు ఒకటే, తిండీ దాదాపు ఒకటే. మరి ఇన్ని రకాలెందుకు? బలమున్నవాడిదే రాజ్యమని డార్విన్ పేరు చెప్పి మనకి బళ్లో నేర్పిన లెక్క నిజమైతే, ఈపాటికి అన్నిటికన్నా చురుకైన రకం ఒక్కటే మిగిలి, తక్కినవాటిని తరిమేసి ఉండాలి. కోట్ల ఏళ్లు గడిచాయి కదా, టైము చాలక కాదు.

1998లో పాల్ రేనీ, మైకేల్ ట్రావిసానో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నని సీసాలో పెట్టి చూశారు. మట్టిలోనూ ఆకుల మీదా ఉండే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బ్యాక్టీరియా తీసుకున్నారు. ఒకే రకాన్ని పోషక ద్రవంలో వేసి కదపకుండా వదిలేశారు. కొద్దిరోజులకే మూడు రకాలు తేలాయి. ఒకటి ద్రవమంతా పరుచుకుంది. ఒకటి పైన తెట్టులా కట్టింది. ఒకటి అడుక్కి చేరింది. మరికొన్ని సీసాల్ని ఆపకుండా ఊపుతూ పెంచారు. వాటిలో ఈ వేరుపడటం జరగలేదు, మొదటి రకమే మిగిలింది. కదలని నీళ్లలో పైన గాలి ఎక్కువ, అడుగున తక్కువ. అక్కడి బతుకు వేరు, ఇక్కడి బతుకు వేరు. ఊపితే ఆ తేడాలన్నీ కలిసిపోతాయి. రాత్రి పులియబెట్టిన చోడిపిండి కుండ మూత తెల్లారి తీసి చూసినా, పైన నురగలో బతికేదీ అడుగున పిండిలో బతికేదీ ఒకటే అనుకోనక్కర్లేదు. మన కూలీ జనం పొద్దున్నే చెంబుడు అంబలి తాగి పొలానికి పోతున్నారంటే, ఇన్ని రకాల కష్టం కలిపి తాగుతున్నట్టే.

సీసా సంగతి కొద్దిరోజులది. ఏళ్ల తరబడి చూస్తే ఏమవుతుంది? దీనికి జవాబు కావాలంటే మన వంటింట్లోకే రావాలి. "అప్పా, మా పెరుగు అయిపోనాది, ఇంత తోడెట్టవా?" అని గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లే అలవాటు ఈ ఊళ్లలో ఇంకా ఉంది. నిన్నటి పెరుగులోంచి చెంచాడు ఈరోజు పాలలోకి, ఈరోజు దానిలోంచి చెంచాడు రేపటి పాలలోకి. వందోవంతు తోడు వేస్తే, గిన్నె నిండేసరికి ఆ బ్యాక్టీరియా ఆరున్నర సార్లకు పైగా రెట్టింపు కావాలి. అంటే రోజుకి ఆరేడు తరాలు, ఏడాదికి సుమారు 2,400 తరాలు. మనిషి తరానికి పాతికేళ్లు వేసుకుంటే అది 60,000 ఏళ్లతో సమానం. మీ అత్తగారు కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న తోడు ఇంకా నడుస్తుంటే, ఆ గిన్నెలో గడిచిన కాలం మానవజాతి వయసుని ఎప్పుడో దాటేసింది.

అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఈ పనే లెక్కప్రకారం చేశాడు. 1988 ఫిబ్రవరి 24న పేగుల్లో బతికే ఈ.కోలై బ్యాక్టీరియా ఒకే సంతతిని 12 గాజు కుప్పెల్లో వేశాడు. కొంచెం గ్లూకోజు కలిపిన నీళ్లు, రోజూ వందోవంతు కొత్త కుప్పెలోకి మార్పు, 500 తరాలకొకసారి కొంత తీసి ఫ్రీజరులో దాచడం. అంతే ప్రయోగం. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో దశాబ్దాలు నడిచి, 2022లో టెక్సస్‌కి మారి, ఇప్పటికీ నడుస్తోంది. 75,000 తరాలు దాటింది. పాతవి ఫ్రీజరులో బతికే ఉంటాయి కాబట్టి, తాతనీ మనవణ్ణీ ఒకే కుప్పెలో పోటీకి దింపవచ్చు. 50,000 తరాల నాటి మనవలు తాతల కన్నా సుమారు 70 శాతం వేగంగా పెరిగారు.

ఈ ప్రయోగం గురించి రాసే ప్రతివాళ్లూ సిట్రేట్ కథ చెబుతారు. నేనూ చెబుతాను, త్వరగా. ఆ నీళ్లలో మొదటి రోజు నుంచీ సిట్రేట్ ఉంది, నిమ్మపులుపులో ఉండేదే. గాలి ఉన్నచోట ఈ.కోలై దాన్ని తినలేదు. సుమారు 31,000 తరాలు దాటాక 12 కుప్పెల్లో ఒక్కదానిలో మాత్రం తినడం నేర్చింది. 2003లో ఆ కుప్పె తక్కినవాటి కన్నా చిక్కగా మసకబారి కనిపించింది. లెన్‌స్కీ బృందంలోని జాకరీ బ్లౌంట్ కొన్నేళ్లు కూర్చుని, ఆ నేర్పుకి చాలాముందే జరిగిన కొన్ని మార్పులు దారి వేశాయని తేల్చాడు. గొప్ప విషయమే. కానీ నాకు దానికన్నా ఎక్కువ గుచ్చుకున్నవి, జనం పెద్దగా చెప్పుకోనివి రెండున్నాయి.

మొదటిది ఒక కుప్పెలో రెండు తెగలు విడిపోయిన సంగతి. సుమారు 6,500 తరాల దగ్గర మొదలైంది. ఒక తెగ గ్లూకోజుని ఆబగా తినేసి ఎసిటేట్ అనే వ్యర్థాన్ని బయట పారేస్తుంది. రెండో తెగ గ్లూకోజు దగ్గర నెమ్మది, కానీ మొదటిదాని ఎంగిలి ఎసిటేట్ మీద బాగా బతుకుతుంది. వేగంలో ఓడిపోయిన తెగ చచ్చిపోలేదు. గెలిచిన తెగ గెలుపే దానికి తిండి పెట్టింది. రెండూ వేల తరాలుగా పక్కపక్కనే ఉంటున్నాయి. గోగు చెరువు ప్రశ్నకి జవాబులో సగం ఇక్కడుంది. ఎవరు ఎంత బాగా తిన్నా, పారేసేది ఏదో ఒకటి ఉంటుంది. ఆ పారేసిన దాని దగ్గరే కొత్త రకం మొదలవుతుంది.

రెండోది రైబోజు. ఈ.కోలైకి ఈ చక్కెర తినడం పుట్టుకతో వచ్చిన విద్య. లెన్‌స్కీ నీళ్లలో రైబోజు లేదు, గ్లూకోజే ఉంది. 2,000 తరాలు తిరక్కుండానే 12 కుప్పెల్లో పన్నెండింటిలోనూ బ్యాక్టీరియా ఆ విద్యని పోగొట్టుకుంది. సంబంధించిన జన్యువులు తుడిచిపెట్టుకుపోయాయి. వదిలించుకున్నదానికి ఒకటి రెండు శాతం లాభం కూడా దొరికింది. కొత్త విద్య నేర్చింది ఒక్క కుప్పె. పాత విద్య వదిలింది అన్ని కుప్పెలూ. పరిణామం అనగానే వంగిన కోతి మెల్లగా నిటారు మనిషి అయ్యే బొమ్మ మన కళ్ల ముందు ఆడుతుంది. ఎక్కడమే తప్ప దిగడం లేని బొమ్మ. బ్యాక్టీరియా చరిత్రలో దాదాపు అంతే పెద్ద భాగం బరువు దించుకోవడమే.

తోడు దగ్గరికే మళ్లీ వద్దాం. యోగర్టు చేసే ముఖ్యమైన రెండింటిలో ఒకటి స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. మన ఇంటి పెరుగులో దీనితోపాటు ఇంకా చాలా రకాలు ఉంటాయి. దీని దాయాదులు సామాన్యులు కారు. గొంతువాపు తెచ్చేదీ, న్యుమోనియా తెచ్చేదీ ఈ వంశంలోవే. 2004లో దీని జన్యుపటం చదివితే దాదాపు పదోవంతు జన్యువులు చెడిపోయి ఉన్నాయి. దాయాదులకి రోగం తెప్పించడానికి పనికొచ్చే వాటిలో చాలావరకు దీనిలో లేవు, లేదా విరిగి ఉన్నాయి. మనిషి పశువుని కట్టేసి పాలు పితకడం మొదలెట్టాక వీటికి రోజూ పాలు దొరికాయి. దొంగతనం అవసరం లేకపోయింది, దొంగతనపు పనిముట్లూ పోయాయి. పక్కన ఉండే లాక్టోబాసిల్లస్ బల్గారికస్ పాల మాంసకృత్తులు విడగొట్టి ముక్కలు అందిస్తుంది, ఇది బదులుగా దానికి ఫార్మిక్ ఆమ్లం ఇస్తుంది. ఒకదాని చేతకానితనాన్ని ఇంకొకటి మోస్తుంది.

అన్నీ వదిలేసే ఈ పెరుగు బ్యాక్టీరియా ఒకటి మాత్రం జాగ్రత్తగా దాచుకుంటుంది. తనని చంపడానికి వచ్చిన వైరస్‌ల జాబితా. దాడి నుంచి బతికి బయటపడినప్పుడు ఆ వైరస్ డీఎన్‌ఏలో చిన్న ముక్క కత్తిరించి తన డీఎన్‌ఏలో వరుసగా అతికించుకుంటుంది. మళ్లీ అదే వస్తే గుర్తుపట్టి నరుకుతుంది. 2007లో డానిస్కో అనే ఆహారపదార్థాల కంపెనీలో పనిచేసే రోడోల్ఫ్ బారాంగూ, ఫిలిప్ హోర్వాత్ బృందం ఇది నిరూపించింది. ఈరోజు ప్రపంచమంతా జన్యువులు కోయడానికి వాడుతున్న క్రిస్పర్ కథలో పెద్ద మలుపు తిరిగింది పెరుగు దగ్గరే. అంటే మీ ఇంటి తోడూ, మా ఇంటి తోడూ ఒక ముత్తవ్వ గిన్నెలోంచే వచ్చినా, ఎదుర్కొన్న వైరస్‌లని బట్టి ఆ వరుసలు వేరుపడే ఉంటాయి.

ఇది సొంత డైరీలో రాసుకోవడం. దీనికి భిన్నంగా పక్కవాళ్ల దగ్గర అరువు తెచ్చుకునే దారి ఒకటుంది. మనకి తిప్పలు తెచ్చేది ఆ దారే. కలరా సంగతి చూడండి. విబ్రియో కలరే స్వతహాగా ఉప్పుటేళ్లలో, నది సముద్రంలో కలిసేచోట, రొయ్యపిల్లలంత కూడా ఉండని చిన్న జీవుల పెంకులు పట్టుకుని బతికే బ్యాక్టీరియా. వంశధార కలిసే కళింగపట్నం మొగ లాంటి నీళ్లు దాని సొంతూరు. దాని మానాన దాన్ని వదిలేస్తే మనిషితో పనిలేదు. మనిషిని నీళ్లయి కారిపోయేలా చేసే విషం తయారీ విద్య దాని సొంతం కాదు. ఒక వైరస్ మోసుకొచ్చి దానిలో పెట్టింది. 1996లో వాల్డర్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. 1992 చివర్లో మద్రాసులో కొత్త రకం కలరా లేచింది. పాత కలరా వచ్చి తగ్గినవాళ్లకి సైతం రక్షణ లేకపోయింది. ఆ బ్యాక్టీరియా ఒంటి పైపొర తయారుచేసే జన్యువుల గుంపునే మార్చేసి, వేరేచోట నుంచి తెచ్చిన గుంపుని తగిలించుకుంది. O139 అని పేరు పెట్టిన ఆ రకం కొన్ని నెలల్లోనే కలకత్తా, బంగ్లాదేశ్ దాకా పాకింది. ఒక్కొక్క అక్షరం మారుతూ కూర్చుంటే యుగాలు పట్టే పని, అరువు తెచ్చుకుంటే ఒక్కసారిలో అయిపోయింది.

మందులకి లొంగకపోవడం కూడా చాలావరకు ఇలాంటి అరువే. 1950లలో జపాన్‌లో రక్తవిరేచనాల బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకి మొండికెయ్యడం మొదలెట్టింది. తీరా చూస్తే ఆ మొండితనాలన్నీ ఒకే మూటలో ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతున్నాయి. ఆ మూటలు మన మందుల తర్వాత పుట్టినవీ కావు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ మట్టి నమూనాలోంచి పట్టిన ఒక బ్యాక్టీరియా ఆరియోమైసిన్ ఇచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది, 1948లో లోకానికి తెలిసింది. 2011లో కెనడా పరిశోధకులు 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలో వెతికితే, టెట్రాసైక్లిన్‌కి లొంగని జన్యువులు అక్కడే ఉన్నాయి. మందు తయారుచేసే జీవి పక్కనే దాన్ని తట్టుకునే జీవి కూడా ఎప్పుడూ కాపురం ఉంది. మనం చేసిందల్లా, జలుబుకి సైతం మందులషాపులో అడిగి రెండు యాంటీబయోటిక్ మాత్రలు మింగి, ఆ అరుదైన మూటలకి ఊరంతా గిరాకీ పెంచడం.

అరువు తెచ్చుకునే దారే లేని బ్యాక్టీరియా సంగతి తెలియాలంటే ఇప్పుడు సాలూరు వెళ్లాలి. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా విజయనగరంలో ఉండి, తర్వాత పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. అక్కడి ఫిలడెల్ఫియా కుష్ఠు ఆస్పత్రి ఈ చుట్టుపక్కల మూడు నాలుగు తరాలకి తెలిసిన పేరు. పెద్దరోగం అని గొంతు తగ్గించి చెప్పుకున్న రోజుల్లో, కొండ మీద నుంచీ కింద నుంచీ జనం అక్కడికి వచ్చేవారు. ఈ రోగాన్ని తెచ్చే మైకోబాక్టీరియం లెప్రేని 1873లోనే హాన్సెన్ చూశాడు. కానీ ఈనాటికీ ఏ ప్రయోగశాలలోనూ గాజుపళ్లెంలో దాన్ని పెంచలేకపోయారు. పరిశోధకులు దాన్ని పెంచేది ఎలుక పాదాల్లోనూ ఆర్మడిల్లో ఒంట్లోనూ. ఎందుకో 2001లో స్టీవర్ట్ కోల్ బృందం దాని జన్యుపటం మొత్తం చదివినప్పుడు తెలిసింది. దీని దాయాది క్షయ బ్యాక్టీరియాకి సుమారు 4,000 జన్యువులు. దీనిలో పనిచేసేవి 1,600. ఇంకో 1,100 జన్యువుల శవాలు అలాగే పడి ఉన్నాయి. బొబ్బిలి వైపు కొన్ని పాత దివాణాలు చూసే ఉంటారు, ముందు రెండు గదుల్లో కాపురం, వెనక వరసంతా తాళాలు, పైకప్పు కూలిపోయిన భోజనశాల. ఆ జన్యుపటం అలాగే ఉంటుంది. మా తాతలు నేతులు తాగారని చెప్పుకోవడానికి గుర్తులు మిగిలాయి, నెయ్యి లేదు.

మనిషి కణం లోపలికి చేరి, కావలసినవన్నీ అక్కడే దొరకడంతో, ఒక్కొక్క విద్యా వదిలేసింది. ఈ.కోలై 20 నిమిషాలకి రెట్టింపు కాగలదు. క్షయ బ్యాక్టీరియాకి దాదాపు ఒక రోజు. దీనికి రెండు వారాలు. ప్రపంచంలో ఏ దేశపు రోగి దగ్గర తీసినా దాని జన్యుపటం దాదాపు ఒకటే. ఇంత పాతరోగంలో ఇంత తక్కువ వైవిధ్యం అరుదు. గోగు చెరువులో లక్షల ఇరుగుపొరుగు ఉన్నాయి, పేగులో ఉన్నాయి, ఆస్పత్రి మురుగుకాలువలో ఉన్నాయి. కణం లోపల ఒంటరిగా ఉన్నదానికి అరువివ్వడానికి ఎవరూ లేరు.

దాన్ని మనం ఓడించగలిగింది ఆ ఒంటరితనం వల్లే అని నా నమ్మకం. డాప్సోన్ ఒక్కటే వాడిన రోజుల్లో దానికి లొంగని రకాలు 1960లలోనే బయటపడ్డాయి. సొంత డీఎన్‌ఏలో అక్షరం మారితే అంతపని అది చెయ్యగలదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇవ్వమంది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్. మూడు తాళాలకీ ఒకేసారి మారుతాళం తనంత తానే తయారుచేసుకోవడం రెండు వారాలకొకసారి రెట్టింపయ్యే జీవి వల్ల అయ్యే పని కాదు, మూట కట్టి తెచ్చి ఇచ్చే పొరుగూ లేదు. 40 ఏళ్లు దాటినా ఆ మందులు చాలాచోట్ల పనిచేస్తూనే ఉన్నాయి. అదే 40 ఏళ్లలో పేగు బ్యాక్టీరియా ఎన్ని మందుల్ని పనికిరాకుండా చేసిందో ఏ పెద్దాస్పత్రి ఐసీయూ డాక్టరునడిగినా చెబుతారు.

జాతీయస్థాయిలో కుష్ఠు నిర్మూలన లక్ష్యం 2005 డిసెంబరుకి చేరామని ప్రకటించారు. పదివేలమందికి ఒకరికన్నా తక్కువ అని దానర్థం, రోగం పోయిందని కాదు. దేశంలో ఏటా ఇంకా లక్ష దాకా కొత్త కేసులు తేలుతున్నాయి. మందుకి లొంగుతుంది, ఉచితం, ఆరు నుంచి పన్నెండు నెలలు వాడితే చాలు. అయినా పోవడం లేదు. ఒంట్లో చేరిన తర్వాత మచ్చగా బయటపడటానికి ఏళ్లు పడుతుంది, ఆ మచ్చ నొప్పి పెట్టదు, దురద పెట్టదు. అందుకే ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, చొక్కా విప్పమని మగవాళ్లని బతిమాలి, మచ్చ మీద తాకినది తెలుస్తోందా అని అడుగుతుంది. "ఏటీ లేదమ్మా, ఎండకి వచ్చింది" అనే జవాబు ఆమెకి రోజూ వినేదే. అలా అన్నవాడి ఇంటికి మర్నాడు మళ్లీ వెళుతుంది.